తిప్పి పంపిన పట్టిక: ఒక హైస్కూలు వాలంటీరు ఏడు నెలల పఠన సేవపై కేస్ స్టడీ

ఈ కేసును రాయడానికి నన్ను పురికొల్పింది ఒక తప్పు. అందులో సగం వాలంటీరుగా పనిచేసిన విద్యార్థినిది, మిగతా సగం ఆ పనిని పర్యవేక్షించిన నాది. చూపు లేని కళాశాల విద్యార్థులకు పాఠ్యపుస్తకాలను చదివి, రికార్డు చేసి పంపే ఒక చిన్న పఠన సేవలో హైస్కూలు పిల్లలను చేర్చుకుని, వారికి తర్ఫీదు ఇచ్చి, వారి పనిని చూసుకునే బాధ్యత నాది. ఏడు నెలల పాటు సాగిన ఈ కేసులో వాలంటీరు తొమ్మిదో తరగతి చదువుతున్న పద్నాలుగేళ్ల అమ్మాయి. ఆమె రికార్డింగులను విని చదువుకున్నది డిగ్రీ రెండో సంవత్సరంలో ఆర్థికశాస్త్రం, గణాంకశాస్త్రం చదువుతున్న, పుట్టుకతోనే చూపు లేని యువతి. ఇద్దరి అంగీకారంతోనే ఇది రాస్తున్నాను. విద్యార్థిని మైనరు కనుక తల్లిదండ్రుల అనుమతి కూడా తీసుకున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలను వదిలేశాను కాబట్టి ఇకపై వారిని ‘విద్యార్థిని’, ‘శ్రోత’ అని మాత్రమే పేర్కొంటాను.

ఆమె ఎందుకు వచ్చింది

చేరేటప్పుడు నింపే దరఖాస్తులో ‘ఈ పని ఎందుకు చేయాలనుకుంటున్నారు?’ అన్న ప్రశ్నకు ఆమె ‘సమాజ సేవ చేయాలని’ అని రాసింది. ఈ జవాబు రాయని విద్యార్థి నాకు ఇంతవరకు తారసపడలేదు. మొదటి రోజు ముచ్చట్లలో అసలు కారణాలు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి: స్నేహితురాలు అప్పటికే చేరి ఉంది, పై చదువుల దరఖాస్తులో చూపించడానికి ధ్రువపత్రం కావాలి, వక్తృత్వ పోటీల్లో బహుమతులు తెచ్చిన తన గొంతును నలుగురూ మెచ్చుకుంటారు. వీటిలో దేన్నీ నేను తప్పు పట్టను. స్వచ్ఛంద సేవకు మనుషులను కదిలించే కారణాలపై గిల్ క్లేరీ, మార్క్ స్నైడర్, వారి సహ పరిశోధకులు 1998లో ప్రచురించిన ప్రశ్నావళి విలువలు, అవగాహన, ఆత్మగౌరవం, వృత్తి, సాంఘిక సంబంధాలు, మనసులోని దిగుళ్ల నుంచి రక్షణ అనే ఆరు ప్రయోజనాలను గుర్తించింది. ఒకే మనిషిలో వీటిలో రెండు మూడు కలిసి ఉండటం మామూలే. పద్నాలుగేళ్ల పిల్ల సేవాభావం ఒక్కదానితోనే రావాలని పట్టుబడితే పిల్లలు అబద్ధం చెప్పడం నేర్చుకుంటారు, అంతకు మించి ఒరిగేదేమీ ఉండదు.

అయితే ధ్రువపత్రం వెంట గంటల లెక్క వస్తుంది. చాలాచోట్ల పాఠశాల వ్యవస్థలే ఈ లెక్కను విధిస్తాయి. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో హైస్కూలు పూర్తి కావాలంటే 40 గంటల సమాజ సేవ చూపించాలి, అమెరికాలోని మేరీల్యాండ్‌లో 75 గంటలు. మా కార్యక్రమంలోనూ అప్పట్లో ముప్పై గంటలకు ఒక ధ్రువపత్రం ఇచ్చేవాళ్లం, దానికోసం ఒక రిజిస్టరు ఉండేది. తప్పనిసరి సేవ గురించి ఆర్థర్ స్టూకస్, స్నైడర్, క్లేరీ 1999లో ప్రచురించిన పరిశోధన ఒక హెచ్చరిక చేసింది. తమంతట తాము ఆ పని చేసి ఉండేవాళ్లం కాదని భావించే విద్యార్థులను బలవంతంగా అందులోకి దించితే, మున్ముందు సేవ చేయాలన్న ఉద్దేశం వారిలో ఇంకా తగ్గే ప్రమాదం ఉంది. ఇది చదివి కూడా నేను రిజిస్టరు నడుపుతూనే ఉన్నాను. దాని పర్యవసానం తర్వాత చెబుతాను.

పని స్వరూపం

కంప్యూటరు తెర మీది అక్షరాలను గట్టిగా చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు ఉన్న ఈ రోజుల్లో మనిషి చదివి రికార్డు చేయడం దేనికని చాలామంది అడుగుతారు. ఇద్దరు ఆస్ట్రేలియా యువకులు, వారూ చూపు లేనివారే, అభివృద్ధి చేసిన ఎన్‌వీడీఏ 2006 నుంచి ఉచితంగా దొరుకుతోంది, మా శ్రోత కూడా రోజూ దాన్నే వాడుతుంది. కానీ ఫొటో తీసినట్టు స్కాన్ చేసిన పేజీలు, సూత్రాలు, గ్రాఫులు, గడులు కలిసిపోయిన పట్టికలు ఎదురైనప్పుడు అటువంటి సాఫ్ట్‌వేరు తరచుగా మూగబోతుంది, లేదా అంకెలన్నిటినీ కుప్పగా పోసినట్టు చదివేస్తుంది. మా వాలంటీర్ల పని మొదలయ్యేది అక్కడే.

ప్రతి శనివారం మధ్యాహ్నం ఒక నిశ్శబ్దమైన గదిలో, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, అధ్యాయానికొక ఫైలు చొప్పున చదవాలి. పేజీ మారినప్పుడల్లా పేజీ సంఖ్య చెప్పాలి, ఎందుకంటే తరగతిలో అధ్యాపకుడు ‘84వ పేజీ తీయండి’ అన్నప్పుడు మిగతావారితో పాటు శ్రోత కూడా అక్కడికి చేరుకోగలగాలి. రికార్డింగు శ్రోతకే వెళ్లాలి, మరెక్కడా పెట్టకూడదు. చేరిన రెండో వారంలోనే విద్యార్థిని ‘యూట్యూబ్‌లో పెడితే ఇంకా ఎంతోమందికి ఉపయోగపడుతుంది కదా, మేడమ్?’ అని అడిగింది. అప్పుడు కాపీరైటు గురించి చెప్పాల్సి వచ్చింది. ముద్రిత పుస్తకాలను చదవలేనివారి కోసం వాటిని అందుబాటు రూపంలోకి మార్చుకునేందుకు మినహాయింపు ఇవ్వాలన్న అంతర్జాతీయ ఒప్పందం 2013లో మొరాకోలోని మర్రకేష్‌లో కుదిరి, 2016 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. ఆ మినహాయింపు చదవలేనివారి కోసం ఉన్నది, అందరికీ పంచిపెట్టడానికి కాదు. ఆమె కొంత నిరాశపడింది. తన గొంతును వినేది ఒకే ఒక్క మనిషి అన్న సంగతి ఆ రోజే ఆమెకు అర్థమైందనుకుంటాను.

వాలంటీర్లందరూ పని ముగిశాక రెండు మూడు వాక్యాలు డైరీలో రాయాలన్నది మా నియమం. ఆమె మొదటి వాక్యం ఇది: ‘ఈ రోజు నుంచి నేను చూపు లేనివారికి కళ్లుగా మారాను.’ దీన్ని గుర్తుంచుకోమని పాఠకులను కోరుతున్నాను.

మొదటి మూడు నెలలు

ద్రవ్యోల్బణం మీది అధ్యాయాన్ని ఆమె వక్తృత్వ పోటీలో ప్రసంగించినట్టు చదివింది. ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ ఆగాలో, ఏ మాటను ఒత్తి పలకాలో అన్నీ ముందుగా పెన్సిలుతో గుర్తు పెట్టుకుని మరీ చదివింది. నేను విని మెచ్చుకున్నాను. శ్రోత నుంచి మరునాడు వాయిస్ మెసేజి వచ్చింది: ‘గొంతు చాలా బాగుందమ్మా. కానీ నేను రెట్టింపు వేగంతో వింటాను. నువ్వు ఆగి ఆగి, పెంచి తగ్గించి చదివితే ఆ వేగంలో మాటలు అందడం లేదు. వార్తలు చదివినట్టు ఒకే తీరున చదువు. పేజీ నంబర్లు మాత్రం మింగేయకు.’ పేజీ సంఖ్యలు చెబితే చదువు ధార తెగిపోతోందని విద్యార్థిని వాటిని వదిలేసింది. ఆ రోజు డైరీలో ఒకే వాక్యం: ‘అక్కకి నచ్చలేదు.’

తాను బాగా చేయగలనని నమ్మిన పనే అవతలి మనిషికి అడ్డుపడుతోందని తెలుసుకోవడం ఏ వయసులోనైనా కష్టమే. ఈ దశలో మానేసిన పిల్లలు మా దగ్గర చాలామంది ఉన్నారు. ఆమె మానలేదు, కానీ ఆ తర్వాతి రికార్డింగుల్లో ఉత్సాహం తగ్గిన సంగతి వినగానే తెలిసిపోయేది. ఆమెను మళ్లీ పనిలోకి లాగింది, చిత్రంగా, ఒక గణాంకశాస్త్ర సూత్రం.

మన తరగతి గదుల్లో గణితాన్ని నోటితో చెప్పే పద్ధతి నల్లబల్ల మీద సూత్రం కనిపిస్తున్నంతసేపూ బాగానే ఉంటుంది. ‘ఎ ప్లస్ బి బై సి’ అంటాం. ఎ విలువ 6, బి విలువ 4, సి విలువ 2 అనుకుంటే, మొత్తాన్ని రెండుతో భాగిస్తే జవాబు 5, బిని మాత్రమే భాగిస్తే 8. చూసేవారికి గీత ఎంత పొడవుందో కనబడుతుంది, వినేవారికి ఏమీ తెలియదు. ఆ తేడా చెప్పడానికే ‘హోల్ బై’, ‘హోల్ స్క్వేర్’ అనే మాటలు తరగతుల్లో వాడుకలోకి వచ్చాయి గానీ, ఆ ‘హోల్’ ఎక్కడ మొదలవుతుందో అవీ చెప్పవు. ప్రామాణిక విచలనం సూత్రంలో రూట్ లోపలి భాగాన్ని విద్యార్థిని ‘సిగ్మా ఎక్స్ మైనస్ ఎక్స్ బార్ హోల్ స్క్వేర్ బై ఎన్’ అని చదివింది. ఇందులో సిగ్మా అంటే కూడిక గుర్తు, ఎక్స్ బార్ అంటే సగటు. శ్రోత ‘హోల్’ అంటే సిగ్మాతో సహా అని తీసుకుంది. అంటే ముందు వ్యత్యాసాలన్నిటినీ కూడి, ఆ మొత్తానికి వర్గం కట్టింది. సగటు నుంచి వ్యత్యాసాలను కూడితే ఎప్పుడూ సున్నాయే వస్తుంది. శ్రోత పంపిన మెసేజిలో నవ్వు వినబడుతోంది: ‘నువ్వు చదివిన ప్రకారం లెక్క చేస్తుంటే ప్రపంచంలో ఎవరికీ ఎవరితోనూ తేడానే లేదమ్మా, ప్రతిసారీ సున్నా వస్తోంది.’

విద్యార్థిని పుస్తకం తీసి, తన రికార్డింగు విని, తాను చదివిన మాటలను కాగితం మీద రాసి, కళ్లు మూసుకుని మళ్లీ విన్నది. తర్వాత నా దగ్గరకు వచ్చి, ‘నేను చదివినదాంట్లో తప్పేమీ లేదు మేడమ్, కానీ అది సరిపోదు’ అంది. చదివింది చదివినట్టే ఉన్నా వినేవారికి చాలకపోవచ్చన్న ఈ గ్రహింపు నా లెక్కలో ఈ కేసులోని మొదటి నిజమైన పాఠం.

ఆమెకు అబ్రహాం నెమెత్ గురించి చెప్పాను. పుట్టుకతో చూపు లేని ఈ అమెరికా గణితశాస్త్రవేత్త (1918–2013) గణితానికి ప్రత్యేకమైన బ్రెయిలీ లిపిని రూపొందించాడు. అది మొదట 1952లో ప్రచురితమైంది. తనకు పుస్తకాలు చదివి వినిపించే వ్యక్తులు సూత్రాలను ఎలా పలకాలో కూడా ఆయనే ఒక పద్ధతి ఏర్పరచాడు. భిన్నం మొదలైనప్పుడు ‘భిన్నం మొదలు’ అని, ముగిసినప్పుడు ‘భిన్నం పూర్తి’ అని చెప్పాలి, మధ్యలో గీత దగ్గర ఒక మాట ఉండాలి. వర్గమూలానికీ అంతే. విద్యార్థినిని ఆకట్టుకున్న విషయం ఏమిటంటే, ఎలా చదవాలన్న నియమాన్ని పెట్టింది చదివేవాడు కాదు, వినేవాడు. ఆ శనివారం ఆమె, శ్రోత ఫోనులో కూర్చుని తమకంటూ కొన్ని మాటలు ఖాయం చేసుకున్నారు: ‘బ్రాకెట్ మొదలు’, ‘బ్రాకెట్ అయిపోయింది’, ‘రూట్ లోపల’, ‘రూట్ బయట’. నెమెత్ పద్ధతి అంత సమగ్రం కాకపోయినా వారిద్దరికీ అది చాలింది.

గ్రాఫుల దగ్గర మరో చిక్కు వచ్చింది. డిమాండు, సప్లై రేఖల బొమ్మను ఆమె ‘ఎర్ర గీత పైనుంచి కిందికి వస్తూ నీలం గీతను మధ్యలో ఖండిస్తోంది’ అని వర్ణించింది. శ్రోత జవాబు: ‘ఎరుపూ నీలమూ నాకు పేర్లే. ఏది డిమాండో, ఏ అక్షం మీద ధర ఉందో, రెండూ కలిసేచోట ధర ఎంతో, పరిమాణం ఎంతో చెప్పు.’ అది చెప్పాలంటే ఆ బొమ్మ ఏం చెబుతోందో విద్యార్థినికి తెలిసి ఉండాలి, ఆమెకు తెలియదు. తన బడిలో సాంఘికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడిని అడిగి, తొమ్మిదో తరగతికి అవసరం లేని ఆ పాఠాన్ని రెండు మధ్యాహ్న విరామాల్లో చెప్పించుకుంది. డైరీలో ఇలా రాసుకుంది: ‘అర్థం కాకపోయినా చదవగలను. అర్థం కాకపోతే చెప్పలేను.’

పట్టిక

నాలుగో నెలలో పొరపాటు జరిగింది. ఎగుమతుల మీది అధ్యాయంలో ఎదురెదురు పేజీల్లో రెండు పట్టికలున్నాయి. మొదటి పట్టిక కింద చిన్న అక్షరాల్లో ‘అంకెలు వేలల్లో’ అని ఉంది, రెండోదాని కింద ‘అంకెలు లక్షల్లో’ అని ఉంది. విద్యార్థిని నిలువు వరుసల శీర్షికలను, అడ్డు వరుసలను ఒక్క అంకె కూడా తప్పకుండా చదివింది, కింద ఉన్న ఆ గమనికలను మాత్రం చదవలేదు. రెంటినీ ఒకే కొలతగా తీసుకుని నిష్పత్తి కట్టిన శ్రోత జవాబు నూరు రెట్లు తప్పింది. అసైన్‌మెంటులో ఆ ప్రశ్నకున్న మార్కులన్నీ పోయాయి. ‘యూనిట్లు చూసుకోలేదు’ అని అధ్యాపకుడు రాసిన వ్యాఖ్యను తోటి విద్యార్థి ఎవరో ఆమెకు చదివి వినిపించారట.

శ్రోత నాకు సోమవారం మెయిల్ పంపింది. ఏం జరిగిందో నాలుగు వాక్యాల్లో రాసి, ‘ఆ అమ్మాయికి చెప్పండి, పట్టికలు మళ్లీ కావాలి’ అని ముగించింది. నేను ఎనిమిది రోజుల పాటు చెప్పలేదు. విద్యార్థినికి బడిలో పరీక్షలు జరుగుతున్నాయి, ఇప్పుడే చెబితే నొచ్చుకుంటుంది, పని మానేస్తుంది అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, బాగా కుదిరిందని అందరికీ చెప్పుకుంటున్న వాలంటీరును పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఆ మధ్యలో వచ్చిన శనివారం ఆమె మరో రెండు అధ్యాయాలు రికార్డు చేసింది. వాటిలో ఇంకో మూడు పట్టికలు, వాటి కింద మళ్లీ చదవని గమనికలు ఉన్నాయి. ఆమెను కాపాడుతున్నాననుకుని తప్పును పెంచాను. ఆ భారం మోసింది మాత్రం ఆమె కాదు, నేనూ కాదు, శ్రోత.

చివరికి శ్రోతే ఫోను చేసి, తానే స్వయంగా మాట్లాడతానంది. వాలంటీర్లు మైనర్లు కనుక ఇటువంటి సంభాషణలు నా గదిలో, స్పీకరు పెట్టి జరగాలన్నది నియమం. విద్యార్థిని విన్నది, ముఖం ఎర్రబడింది.

‘సారీ అక్కా,’ అంది.

‘సారీ సంగతి తర్వాత చూద్దాం. ఆ రెండు పట్టికలు మళ్లీ చదివి పంపు. ఈసారి కింద ఏముందో ముందు చెప్పు, ఆ తర్వాత అంకెలు చెప్పు. మొదటి నుంచి నువ్వు చదివిన పట్టికలు మొత్తం ఎన్ని?’

‘పదకొండు ఉంటాయక్కా.’

‘అయితే పదకొండూ చూసుకోవాలి. నేను చూసుకోలేను కదా.’

ఈ చివరి మాటలో నిష్ఠూరం లేదు. ఉన్న సంగతి చెప్పినట్టే ఉంది. విద్యార్థినిని అన్నిటికన్నా ఎక్కువగా కుదిపింది అదేనని తర్వాత తెలిసింది.

మరుసటి శనివారం ఆమె రాలేదు. వాళ్లమ్మ ఫోను చేశారు: ‘ఇక వద్దంటోంది మేడమ్. ఊరికే చేసిపెట్టే పనికి మాటలు కూడా పడాలా?’ ఆ ప్రశ్న తప్పు కాదు. స్వచ్ఛందంగా చేసే పనికి జవాబుదారీ ఉండదన్న భావన మనలో చాలామందికి ఉంది, అడగకుండా ఇచ్చేదాన్ని వంక పెట్టకుండా పుచ్చుకోవాలన్నది దాని వెనకున్న లెక్క. ఫిర్యాదును ఎనిమిది రోజులు తొక్కిపెట్టింది నేనేనని, అమ్మాయి తప్పు చిన్నది, నాది పెద్దదని ఆమెకు చెప్పాను. పని కొనసాగించమని మాత్రం అడగలేదు.

ఆ పై వారం విద్యార్థిని తనంతట తానే వచ్చింది. ఆ చివరి మూడింటితో కలిపి పదకొండు పట్టికలనూ మళ్లీ చదవడానికి నాలుగు శనివారాలు పట్టింది. రెండో శనివారం రిజిస్టరులో సంతకం చేస్తూ ఆగి, ‘ఇవి కూడా గంటల్లో కలుస్తాయా మేడమ్?’ అని అడిగింది. నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. తప్పు దిద్దుకునే సమయాన్ని సేవగా లెక్కకట్టాలా? లెక్కకట్టకపోతే తప్పును దాచడమే లాభమని పిల్లలకు నేర్పినట్టవుతుంది, లెక్కకడితే ఎన్ని తప్పులు చేస్తే అన్ని గంటలు. నేను కలపమన్నాను. ఆమె కలపలేదు. ఆ నాలుగు వారాలు రిజిస్టరులో ఆమె పేరు ఎదురుగా ఖాళీ గడులే ఉన్నాయి, నేనూ వాటిని నింపలేదు.

ఈ దశలో డైరీ రాత పూర్తిగా మారిపోయింది. ‘పేజీ 112, పట్టిక 3. కింద నోట్ ఉంది, చూడలేదు. సరిచేశాను.’ ‘పేజీ 131. నిలువు వరుసలు అయిదు. నాలుగో దానికి శీర్షిక లేదు, అక్కని అడగాలి.’ చూపు లేనివారికి కళ్లుగా మారానన్న వాక్యంతో మొదలైన పుస్తకంలో ఇప్పుడు తన గురించి ఒక్క విశేషణం కూడా లేదు. పట్టిక చదివే ముందు చెప్పాల్సినవాటిని ఆమె ఒక అట్టముక్క మీద రాసి మైకు పక్కన ఆనించి పెట్టుకుంది: శీర్షిక, కొలత, కింది గమనిక, నిలువు వరుసలెన్ని, అడ్డు వరుసలెన్ని. ఆ తర్వాతే అంకెలు.

ఏం నేర్చుకుంది, ఏం నేర్చుకోలేదు

హైస్కూలు సేవ గురించి రాసేవాళ్లు సాధారణంగా సానుభూతి, నాయకత్వం, ఆత్మవిశ్వాసం అనే మూడు మాటలు వాడతారు. ఈ కేసులో ఆ మూడింటికీ నా దగ్గర పెద్దగా ఆధారం లేదు. సానుభూతి విషయంలో శ్రోత చెప్పిన మాట వేరుగా ఉంది: ‘ఆ పిల్ల నన్ను చూసి జాలిపడటం మానేశాకే పని బాగుపడింది.’ విద్యార్థిని మార్కుల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. బడికి ఎప్పటిలాగే ఆలస్యంగా వెళుతోందని ఆమె తరగతి ఉపాధ్యాయురాలు చెప్పారు. శనివారం పనికి మాత్రం అయిదో నెల నుంచి ఒక్క రోజూ ఆలస్యం కాలేదు. బడిలో తన ఆలస్యానికి మూల్యం తానే చెల్లిస్తుందని, ఇక్కడ వేరొకరు చెల్లించాల్సి వస్తుందని ఆమెకు తెలియడమే ఇందుకు కారణమని నేను ఊహిస్తున్నాను. అది ఊహే. గణితం ఉపాధ్యాయుడు మాత్రం ఒక చిన్న సంగతి గమనించారు: ఆమె నోట్సులో బ్రాకెట్లు ఎక్కువయ్యాయట.

నేర్చుకున్నదని నేను నిశ్చయంగా చెప్పగలిగింది ఒక్కటే, తన పని సరిగ్గా ఉందో లేదో తేల్చేది తాను కాదని ఆమె తెలుసుకుంది. మూడు సందర్భాల్లోనూ, అంటే గొంతు, సూత్రం, పట్టిక, నేర్చుకోవడం జరిగింది చదివినప్పుడు కాదు, రికార్డింగు తిరిగి వచ్చినప్పుడు. అమెరికా విద్యా సిద్ధాంతకర్త డేవిడ్ కోల్బ్ 1984లో ప్రతిపాదించిన అనుభవ అభ్యాస చక్రంలో అనుభవం, దానిపై ఆలోచన, దాన్నుంచి ఒక సూత్రం, ఆ సూత్రంతో కొత్త ప్రయత్నం అని నాలుగు మెట్లున్నాయి. మేము డైరీలు రాయించేది ఆ రెండో మెట్టు కోసమే. కానీ పని చేసినవారే తమ పనిని తలపోసుకుంటే వచ్చేది తరచుగా ఆత్మస్తుతే అవుతుందని ఆమె మొదటి వాక్యమే చెబుతోంది. ఆలోచనకు సరుకు అవతలి మనిషి నుంచి రావాలి. అనుభవాలన్నీ సమానంగా విద్య కావని, కొన్ని అనుభవాలు ఎదుగుదలను అడ్డుకుంటాయని అమెరికా తత్వవేత్త జాన్ డ్యూయీ 1938లోనే వాదించాడు. తిరిగి రాని రికార్డింగులతో ఏడు నెలలు గడిచి ఉంటే, ఈ అమ్మాయి తన గొంతు మీద ఇంకాస్త మోజుతో, చేతిలో ధ్రువపత్రంతో వెళ్లిపోయేది.

సేవ చేస్తే పిల్లల ఆరోగ్యం బాగుపడుతుందని చదివి నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులూ ఉన్నారు. వారు ప్రస్తావించే అధ్యయనం నిజమైనదే. 2013లో ప్రచురితమైన ఆ ప్రయోగంలో కెనడాలోని 106 మంది పదో తరగతి విద్యార్థులను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుతో వారానికొకసారి చొప్పున రెండు నెలల పాటు చిన్న తరగతుల పిల్లలకు సాయపడే పని చేయించారు. ఆ జట్టులో కొలెస్ట్రాల్, శరీరంలోని వాపును (ఇన్‌ఫ్లమేషన్) సూచించే ఇంటర్‌ల్యూకిన్-6, శరీర బరువు సూచీ రెండో జట్టు కన్నా తక్కువగా కనిపించాయి. ఆసక్తికరమైన ఫలితమే, కానీ పిల్లను పఠన సేవకు పంపడానికి అది కారణం కాకూడదని నా అభిప్రాయం.

ఈ కేసుకు ఒక పెద్ద పరిమితి ఉంది. ఇక్కడి శ్రోత చదువుకున్నది, మాట నేర్పున్నది, వచ్చినదాన్ని తిప్పి పంపే ధైర్యం ఉన్నది. వృద్ధాశ్రమంలో మంచం పట్టిన మనిషి గానీ, అక్షరాలు దిద్దుతున్న అయిదేళ్ల పిల్లవాడు గానీ ‘నీ పని నాకు సరిపోలేదు’ అని చెప్పరు, చెప్పలేరు. ఎవరైనా వచ్చారన్న సంతోషంతో నవ్వుతారు, ఆ నవ్వును వాలంటీరు మెప్పుగా తీసుకుని ఇంటికి వెళతాడు. అటువంటి చోట్ల వారి తరఫున ఆ మాట చెప్పే పెద్దవారు ఒకరు ఉండాలి. ఆ పెద్దవారు నాలాగా ఎనిమిది రోజులు ఆగేవారైతే లాభం లేదు.

మార్చుకున్నవి

గంటల రిజిస్టరును తీసేశాం. దాని స్థానంలో మూడు గడుల పుస్తకం వచ్చింది: పంపినవి, తిరిగి వచ్చినవి, సరిచేసి పంపినవి. ధ్రువపత్రం ఇప్పటికీ ఇస్తున్నాం, కాకపోతే మూడో గడిలో కనీసం ఒక్క నమోదైనా లేనివారికి ఇవ్వడం లేదు. తప్పు చేయనివాళ్లకు అన్యాయం జరుగుతుందని ఒక సహోద్యోగి అభ్యంతరం చెప్పారు. అటువంటి వాలంటీరు ఇంతవరకు రాలేదు. ఫిర్యాదు ఏదైనా వచ్చిన రోజే వాలంటీరుకు చేరాలన్నది రెండో మార్పు. ఇది నాకోసం పెట్టుకున్న నియమం. శ్రోతలను ముందుగానే కూర్చోబెట్టి, తిప్పి పంపడం మొహమాటపడాల్సిన విషయం కాదని, అది పనిలో భాగమని చెప్పడం మూడోది. అన్నిటికన్నా కష్టమైనది ఇదే. చాలామంది శ్రోతలు ‘పాపం, చిన్నపిల్లలు ఊరికే చేస్తున్నారు’ అంటూ తప్పులను భరిస్తున్నారని అప్పుడు బయటపడింది. ఒకాయన ఏడాదిగా పేజీ సంఖ్యలు లేని రికార్డింగులతోనే నెట్టుకొస్తున్నాడు.

విద్యార్థిని ఇప్పుడు పదో తరగతి. చదవడానికి తీరిక తక్కువ కనుక కొత్తగా చేరినవారి రికార్డింగులను విని సరిచూసే పని తీసుకుంది. పోయిన నెలలో ఒక శనివారం ఎనిమిదో తరగతి అబ్బాయి పంపిన ఫైలు వింటూ మధ్యలో ఆపి, పుస్తకం తెరిచి చూసి, నా గదిలోకి వచ్చి స్పీకరు పెట్టి అతనికి ఫోను చేసింది.

‘తమ్ముడూ, 37వ పేజీలో పట్టిక తిప్పి పంపుతున్నాను. కింద చిన్న అక్షరాల్లో ఒక లైను ఉంది, చూడు.’

అవతల కాసేపు కాగితాల చప్పుడు. ‘అవునక్కా, ఉంది. రేపు చదివి పంపనా?’

‘రేపు పొద్దున్నే వినాలని అక్క చెప్పింది. ఇవాళే పంపు.’

రాత్రి ఏడూ నలభైకి సరిచేసిన ఫైలు వచ్చింది. ఆమె మూడో గడిలో తేదీ వేసింది.